పదమూడేళ్లు వాడిన డెస్క్‌టాప్: ఒక్కో క్రాష్ వెనక ఒక్కో కారణం

తెనాలిలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు సావనీర్లు చేస్తాం. 2012లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ మీదే ఇప్పటికీ పేజీలు కూర్చే పేజీమేకర్ 7.0, తెలుగు అను ఫాంట్లు నడుస్తున్నాయి. ఇంటెల్ ఐ5-2400, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 7. కొన్నప్పటి కాన్ఫిగరేషన్ ఇదీ.

కొత్తది కొనుక్కోవచ్చుగా అని అందరూ అంటారు. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే వాటిలో చేసిన తెలుగు మామూలు తెలుగు ఫాంట్లలో చదవడానికి రాదు. ఇన్నేళ్ల ఫైళ్లూ వాటిలోనే ఉన్నాయి. పెద్దమ్మాయి పెళ్లికి వేయించిన కార్డు లాంటిదే చిన్నమ్మాయికీ కావాలని వచ్చేవాళ్లకు ఆ పాత ఫైలు ఉన్నదున్నట్టు తెరిచి చూపించాలి. అందుకే దీన్ని వదల్లేదు, వదలాలనీ లేదు.

2019 దాకా ఏ ఇబ్బందీ పెట్టలేదు. 2020 జనవరి 14తో విండోస్ 7కి సపోర్టు ఆగిపోతుందని తెలిసి, దానికి కాస్త ముందు ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) వేయించి విండోస్ 10కి మారాను. అప్పుడే ఇంకో 4 జీబీ ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రెండో మానిటర్ కోసం చిన్న గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టించాను. అంటే ఒకే వారంలో నాలుగు మార్పులు. నేను చేసిన అసలు పొరపాటు ఇదే. ఆ తర్వాత ఏది చెడినా దేనివల్లో చెప్పలేని పరిస్థితి వచ్చింది.

వారానికి రెండుసార్లు బ్లూ స్క్రీన్, అంటే విండోస్ ఆగిపోయి నీలి తెర మీద తప్పు కోడ్ చూపించడం. ముహూర్తాల సీజన్‌లో కస్టమర్ పక్కన కూర్చుని ప్రూఫ్ చూస్తుండగా ఆగిపోయేది. సర్వీసు అబ్బాయి వచ్చినప్పుడల్లా ఒకటే మాట: "సార్, ఒకసారి ఫార్మాట్ కొట్టేద్దాం, సెట్టయిపోద్ది." మూడుసార్లు కొట్టించాను. ప్రతిసారీ ఫాంట్లు, పేజీమేకర్, ప్రింటర్, స్కానర్ మళ్లీ ఎక్కించడానికి ఒక రోజంతా పోయేది. పది రోజులకు మళ్లీ అదే నీలి తెర.

నాలుగోసారి ఒప్పుకోలేదు. ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, సమయం, అప్పుడు ఏం పని చేస్తున్నాను, తెర మీద ఏ కోడ్ వచ్చింది, అన్నీ రాయడం మొదలుపెట్టాను. దానికి ముందు సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీకి వెళ్లి, 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' దగ్గర టిక్కు తీసేయాలి. లేకపోతే కోడ్ చదివేలోపే మెషీన్ రీస్టార్ట్ అయిపోతుంది. బ్లూ స్క్రీన్ వచ్చిన ప్రతిసారీ సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే చోట ఒక ఫైలు పడుతుంది. బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో దాన్ని తెరిస్తే, ఏ కోడ్, ఏ డ్రైవర్ (ఒక్కో భాగాన్ని విండోస్‌తో పని చేయించే ప్రోగ్రామ్) ఫైలు దగ్గర ఆగిందో కనిపిస్తుంది.

నెల తిరిగేసరికి నోటుబుక్కులో మూడు రకాల క్రాష్‌లు తేలాయి. ఇన్నాళ్లూ నేను ఒకే జబ్బు అనుకున్నది నిజానికి మూడు జబ్బులు.

మొదటి రకంలో కోడ్ రోజుకొకటి. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, మరోసారి పేజ్ ఫాల్ట్. ఏ ఫైలు దగ్గర ఆగిందన్నదీ ప్రతిసారీ వేరే. ఇలా పొంతన లేకుండా వస్తే డ్రైవర్ల వెంట పడేముందు ర్యామ్ చూడాలి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, రాత్రి షాపు మూసేముందు పెట్టి వెళ్లాను. పొద్దున వచ్చి చూస్తే ఎర్రటి వరసలు, అంటే తప్పులు. అయితే తప్పు ర్యామ్‌దా, అది కూర్చునే స్లాట్‌దా? ముందు కాంటాక్టులు పెన్సిల్ రబ్బరుతో తుడిచాను. తర్వాత ఒక్కో ర్యామ్‌ను ఒక్కో స్లాట్‌లో విడివిడిగా పెట్టి నాలుగు రాత్రులు టెస్టు నడిపాను. సెకండ్ హ్యాండ్ ర్యామ్‌ను ఏ స్లాట్‌లో పెట్టినా తప్పులొచ్చాయి, పాతది రెండింటిలోనూ శుభ్రంగా ఉంది. నాలుగు రాత్రులు ఎక్కువే అనిపించవచ్చు గానీ, ఆ ఓపిక లేకపోతే మంచి మదర్‌బోర్డును పారేసుకునేవాణ్ని.

రెండో రకం ఎప్పుడూ ఒకటే కోడ్, వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్. ఫైలూ ఒకటే, గ్రాఫిక్స్ కార్డుది. పెద్ద ఫొటో తెరిచినప్పుడే వచ్చేది. కార్డు రెండు సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ ఆ డ్రైవర్‌ను రీసెట్ చేయడానికి చూస్తుంది. అదీ కుదరకపోతేనే ఈ బ్లూ స్క్రీన్. వేడెక్కినా ఇదే వస్తుంది కాబట్టి ముందు కార్డు ఫ్యాన్ దుమ్ము దులిపాను. తగ్గలేదు. అప్పుడు నెట్ కేబుల్ పీకేసి, సేఫ్ మోడ్‌లో (తప్పనిసరి డ్రైవర్లతోనే విండోస్ తెరుచుకునే పద్ధతి) డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో ఉన్నది మొత్తం తుడిచేసి, కార్డు కంపెనీ సైటు నుంచే ముందుగా దించుకున్న పాత వెర్షన్ ఎక్కించాను. డ్రైవర్లు వాటంతటవే మారకుండా డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో 'నో' పెట్టాను. ఆ కోడ్ మళ్లీ కనిపించలేదు. పాత కార్డుకు కొత్త డ్రైవరే మంచిదన్న నమ్మకం నాకు ఆ రోజుతో పోయింది.

డ్రైవర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఫార్మాట్ తర్వాత డివైస్ మేనేజర్‌లో 'పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్' పేరుతో పసుపు గుర్తు ఉండిపోయేది. దాన్ని పోగొట్టడానికి ఒక డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్ వేస్తే, ఉన్న సౌండ్ కూడా పోయింది. అలాంటివి దయచేసి వేయకండి. ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కు వెళ్తే హార్డ్‌వేర్ ఐడీ ఉంటుంది. నాది వెండర్ 8086, డివైస్ 1సీ3ఏ. 8086 అంటే ఇంటెల్, 1సీ3ఏ అంటే బోర్డులోని మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే చిన్న కంట్రోలర్. మదర్‌బోర్డు సైటులో ఆ పేరుతో ఉన్న డ్రైవర్ వేస్తే పసుపు గుర్తు పోయింది.

మూడో రకం చాలా ఏడిపించింది. బ్లూ స్క్రీన్ లేదు, మినీడంప్ లేదు. పని చేస్తుండగా టక్కున రీస్టార్ట్. విండోస్‌లో జరిగినవి చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని మాత్రం పడేది. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని తప్ప ఆ నంబరు ఇంకేమీ చెప్పదు. కానీ దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ కోడ్) ప్రతిసారీ సున్నాయే ఉంది. అంటే విండోస్‌కు క్రాష్ నమోదు చేసే వ్యవధి కూడా దొరకలేదు. నోటుబుక్కు తిరగేస్తే ఎక్కువ ఎంట్రీలు ఏప్రిల్, మే మధ్యాహ్నాలవే. కరెంటు వోల్టేజీ అనుకుని యూపీఎస్ బ్యాటరీ మార్చాను. ఆ డబ్బు వృథా అయింది. తెలిసిన ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ తెచ్చి ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) పసుపు తీగ దగ్గర కొలిచాడు. 12 వోల్టులు ఉండాలి, 5 శాతం అటూఇటూ ఫర్వాలేదు. అంటే 11.4కు తగ్గకూడదు. ఖాళీగా ఉన్నప్పుడు 11.7 ఉంది. పెద్ద ఫైలు తెరవగానే 11.2కు పడిపోయింది. క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎమ్‌పీఎస్, పదేళ్ల ఎండలు చూసింది. కొత్తది వేశాక ఆ రీస్టార్ట్‌లు ఆగిపోయాయి. పాతదాన్ని విప్పి చూద్దామని మాత్రం అనుకోకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది.

నోటుబుక్కులో చివరి ఎంట్రీ 2023 మేలో రాసింది. ఆ తర్వాత రాయాల్సిన పని పడలేదు, తేదీ వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ ఒక్కటి మార్చాను.

ఈ మెషీన్ ఇప్పుడు ఎలా ఉందంటే, పేజీమేకర్‌కు, స్కానింగ్‌కు, మామూలు ఫొటోషాప్ పనికి నిక్షేపంలా ఉంది. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే ఆయాసపడుతుంది. వీడియో ఎడిటింగ్ దీనితో అయ్యే పని కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కీ సపోర్టు అయిపోయింది. విండోస్ 11 అడిగే జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు ఎనిమిదో తరం నుంచే ఉన్నాయి, నాది రెండో తరం. అందుకని దీనికి నెట్ కేబుల్ తీసేశాను. మెయిళ్లు, వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు వేరే ల్యాప్‌టాప్‌లో దించుకుని, స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్‌లో తెస్తున్నాను. ఫైళ్లన్నీ శనివారం శనివారం బయటి హార్డ్‌డిస్క్‌లోకి వెళ్తాయి. చెడిన ఆ ర్యామ్ మీద ఎర్ర మార్కర్‌తో అడ్డగీత గీసి, సొరుగులో వేరే డబ్బాలో పెట్టాను, పొరపాటున ఎవరూ మళ్లీ వాడకుండా.