లివింగ్ విల్ రాయించాం, నోటరీ సర్వీసు ఎలా ఉందంటే

నాన్న లివింగ్ విల్ (రేపు తను చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్సలు కావాలో, ఏవి వద్దో ముందే రాసిపెట్టే పత్రం) కోసం మా కాలనీ పక్కనున్న నోటరీ ఆఫీసుకి వెళ్లాం. 2018లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకున్నప్పుడు మేజిస్ట్రేట్ సంతకం కావాల్సి వచ్చేది, 2023 నుంచి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. డ్రాఫ్టు తెలుగులోనే చేశారు. వెంటిలేటర్, డయాలసిస్, ముక్కులో గొట్టంతో ఆహారం, ఒక్కోటీ నాన్ననే అడిగి రాసుకున్నారు, నేను మధ్యలో దూరబోతే "మీరాగండమ్మా, పెద్దాయన్ని చెప్పనివ్వండి" అన్నారు, అది బాగా నచ్చింది. కానీ ఆస్తి వీలునామా ఫార్మాట్‌లోని పేరా ఒకటి అలాగే వదిలేశారు, నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు కాబట్టి దొరికింది! తన తరఫున నిర్ణయం చెప్పడానికి ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయొచ్చన్న సంగతి మేం అడిగితేగానీ చెప్పలేదు. కాపీ మున్సిపాలిటీకి కూడా ఇవ్వాలి, ఆ తిరుగుడు మనదే. ఫీజు పర్లేదు.