మడమ పట్టీ తెగిన స్నోషూలు: మూడు చలికాలాల తర్వాత నా మాట

స్నోషూలంటే మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు. నా జతకు రేటింగ్ ముందే చెప్పేస్తాను: ఐదుకి మూడున్నర. ఎక్కేటప్పటి సంగతి ఒక్కటే చూస్తే ఐదుకి ఐదూ ఇచ్చేదాన్ని. తగ్గిన ఒకటిన్నరలో ఎక్కువ భాగం ఒక రబ్బరు పట్టీ పుణ్యమే.

చలికాలంలో నేను కొండలెక్కేది ఒంటరిగానే. పక్కన ఇంకో మనిషి ఉంటే పట్టీ తెగడం నవ్వుకునే విషయం. ఒక్కదాన్నే ఉంటే ఆ రోజంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అందుకే ఏ సామాను కొన్నా ఒకటే ప్రశ్న వేసుకుంటాను: వెళ్లిన దారిలో అన్నిటికన్నా దూరాన, చేతులకు గ్లవ్స్ ఉండగా ఇది పాడైతే బాగుచేసుకోగలనా?

ఇవి 25 అంగుళాల స్నోషూలు. అల్యూమినియం ఫ్రేము, మధ్యలో రెక్సిన్ లాంటి గట్టి షీటు, అడుగున ఉక్కు పళ్లు. జత దాదాపు రెండు కిలోలు. కొత్తలో ఉబలాటం ఆగక గళ్ల కాగితాలు పరిచి, వాటిమీద నా బూటునీ స్నోషూనీ పెట్టి పెన్సిల్‌తో గీసి లెక్కపెట్టాను. బూటు అడుగు సుమారు 280 చదరపు సెంటీమీటర్లు. ఇది 1,100 దాటింది. నాలుగింతలన్నమాట. నా బరువు 62 కిలోలు, బ్యాగు 11. పెట్టె మీద 90 కిలోల వరకు అని వేశారు కాబట్టి మంచు మీద తేలిపోతాననుకున్నాను. ఎక్కడ తేలడం! రాత్రంతా కురిసిన పొడి మంచులో పిక్క సగం దాకా దిగిపోయాను. కంపెనీకి తిట్లు మొదలుపెట్టి, అసలు ఇవి లేకపోతే ఎలా ఉంటుందో చూద్దామని ఒకటి విప్పి అడుగేశాను. తొడ దాకా పోయింది. కాలు బయటికి లాక్కోవడానికి బోర్లా పడుకోవాల్సి వచ్చింది. తిట్లు వెనక్కి తీసుకున్నాను.

ఆ దారిలో మంచు లేనప్పుడు గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తాను. ఎవరూ తొక్కని మంచులో గంటకు ఒకటి, మహా అయితే ఒకటిన్నర. గుంపులో ముందుండి దారి తొక్కేవాళ్లు వంతులు మార్చుకుంటారు. నా వంతు అయిపోయాక మళ్లీ నా వంతే.

వీటిలో నాకు బాగా నచ్చింది మడమ కింద లేచే ఇనుప కమ్మీ. వాలు నిటారుగా మారినచోట కర్ర పిడితో దాన్ని పైకి లేపితే మడమ దానిమీద ఆనుతుంది. చిన్న మెట్టు మీద నిలబడ్డట్టుంటుంది, పిక్కలు పట్టేయవు. ఇది లేని జతతో రెండేళ్లు అవస్థపడ్డాను కాబట్టి దాని విలువ నాకు తెలుసు. కొండకు అడ్డంగా నడిచేటప్పుడు మాత్రం నిరాశే. ఫ్రేము గుండ్రటి గొట్టం కావడంతో అంచు మంచులో దిగక పక్కకు జారుతుంది. అంచు పొడవునా పళ్లుండే రకాలున్నాయి, అడ్డదారులు ఎక్కువగా నడిచేవాళ్లు అవి తీసుకోండి. వెనక్కి అడుగేయాలని కూడా చూడకండి, తోక మంచులో గుచ్చుకుని కూలబడతారు. ఇది ఏ స్నోషూకైనా తప్పదు. ఎండ వచ్చి మంచు తడిగా మారితే పళ్ల కింద ముద్దలు కట్టి, ఎత్తు మడమల చెప్పులేసుకున్నట్టవుతుంది. పది అడుగులకోసారి కర్రతో కొట్టి రాల్చుకోవాలి.

ఇక పట్టీ సంగతి. రెండో చలికాలం, ఉదయం 11:40. బ్యాగుకి వేలాడే థర్మామీటరు మైనస్ 18 చూపిస్తోంది. శిఖరం ఎదురుగానే ఉంది, ఇంకో గంట. ఎడమ కాలు ఎత్తితే స్నోషూ సగమే లేచింది. మడమ పట్టీ చిల్లు దగ్గర తెగింది. సాగి సాగి తెగలేదు, చలికి బిరుసెక్కి బిస్కెట్‌లా విరిగింది. గ్లవ్స్‌తో ముడి పడలేదు. విప్పి ఉత్త చేతులతో లోహపు బకిల్ పట్టుకుంటే చర్మం అతుక్కున్నంత పనైంది. నిమిషం కట్టడం, మూడు నిమిషాలు చేతులు చంకల్లో పెట్టుకోవడం. ఇలా మూడు మీటర్ల సన్నతాడుని బూటు చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పి కట్టడానికి 25 నిమిషాలు పట్టింది. వెనక్కి తిరగాల్సిన వేళ ఒంటిగంట అని ఇంట్లో రాసిపెట్టి వచ్చాను. ఆ వేళ దాకా ఇంకా టైముంది. అయినా తిరిగొచ్చేశాను. దిగేటప్పుడు ఆ తాడు ఆరుసార్లు జారింది.

నేను వెళ్లేది 30 డిగ్రీలకు లోపు వాలున్న దారుల్లోనే, అదీ పైన నిటారు వాలు వేలాడని చోట. మంచు చరియలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య. చాలామంది 'బీకన్ కొనుక్కో, ధైర్యంగా ఉంటుంది' అంటారు. చరియ కింద కూరుకుపోయినవాళ్లు ఎక్కడున్నారో తెలిపేందుకు ఒంటిమీద కట్టుకునే పరికరం అది. 457 కిలోహెర్ట్జ్‌లో అది పంపే సంకేతాన్ని పట్టుకుని తవ్వడానికి పైన ఇంకో మనిషి ఉండాలి కదా! ఒంటరిగా వెళ్లేదాన్ని, నాకెవరు తవ్వుతారు? ఆ డబ్బు ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరానికి పెట్టాను. దాని గురించి ఇంకోసారి.

కంపెనీకి రాస్తే పదిరోజుల్లో కొత్త పట్టీలు రెండు ఉచితంగా పంపారు. మర్యాదగానే మాట్లాడారు. కానీ అదే రంగు, అదే మందం. అనుమానం వచ్చి ఒకదాన్ని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున తీసి చిల్లు దగ్గర మడిచి చూశాను. వేడెక్కితే మళ్లీ లోపల పెట్టడం, మళ్లీ మడవడం. ఇరవై మడతలదాకా ఏమీ కాలేదు. నలభయ్యోదానికి చిల్లు పక్కన సన్నటి తెల్లగీత లేచింది. రెండోది వాడకుండా బ్యాగులోనే ఉంచాను, తాడు పక్కన.