5 లీటర్ల ఆక్సిజన్ మిషన్: 14 నెలలు వాడిన ఒక పాత మెకానిక్ మాట

గదిలో గాలి నుంచే ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ (కాన్సంట్రేటర్ అంటారు) కొని 14 నెలలైంది. వెనకాల ఉన్న గంటల మీటరు 6,500 చూపిస్తోంది, అంటే రోజుకి 15 గంటల పైనే తిరిగింది. ఇక దీని మంచీ చెడూ రాయొచ్చు అనిపించి రాస్తున్నాను. కంపెనీ పేరూ షాపు పేరూ చెప్పను, ఎవరూ అడగొద్దు.

నాకు సీఓపీడీ, అంటే ఊపిరితిత్తులు పాడై ఆయాసం వచ్చే జబ్బు. బస్సు డిపోలో 31 ఏళ్లు మెకానిక్‌గా చేశాను, రోజుకి ఒక కట్ట బీడీలు తాగాను, తప్పెవరిదో వేరే చెప్పక్కర్లేదు. 2019లో మానేశాను. మానేస్తే పాడైన ఊపిరితిత్తులు బాగుపడవు, మిగిలింది త్వరగా పాడవకుండా ఉంటుంది, అంతే. పోయిన ఏడాది చలికాలంలో కూర్చుని ఉన్నా, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ 85, 86 చూపిస్తుంటే డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి, ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోమన్నారు. రోజుకి 15 గంటలు తగ్గకూడదు, నిమిషానికి 2 లీటర్లు దాటకూడదు అని చీటీ మీద రాసి కింద గీత కూడా గీశారు.

ముందు పాతది చూద్దామనుకున్నాను. 2021లో కరోనా రెండో విడతలో జనం ఎగబడి కొన్న మిషన్లు తర్వాత మూలన పడి అమ్మకానికి వచ్చాయి కదా. ఒకాయన "రెండు నెలలే వాడాం అంకుల్" అన్నాడు. వెనక్కి తిప్పి మీటరు చూస్తే 9,000 పైన ఉంది. రెండు నెలలు రాత్రీ పగలూ ఆపకుండా తిప్పినా 1,500 దాటదు బాబూ అన్నాను, మళ్లీ ఫోన్ ఎత్తలేదు. పాతది కొనేవాళ్లు ముందు ఆ మీటరు చూడండి, ఆక్సిజన్ శాతం కొలిచే పరికరం తెప్పించి చూపించమనండి. 90కి పైన రావాలి. అద్దెకైతే నెలకి 5 వేలు అన్నారు. ఇది నాకు ఒకటి రెండు నెలల పని కాదు కాబట్టి 46 వేలు పెట్టి కొత్తదే కొన్నాను.

లోపల ఏముందంటే, బస్సు బ్రేకుల పని తెలిసినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఎయిర్ డ్రయ్యర్‌లో గాలిలోని తేమ పీల్చే గుళికలు ఉంటాయి, నిండగానే బుస్సుమని బయటికి వదులుతుంది కదా. ఇదీ అలాంటిదే, కాకపోతే ఇందులో జియోలైట్ గుళికలు నైట్రోజన్‌ని పట్టుకుంటాయి. రెండు డబ్బాలు ఉంటాయి, ఒకటి పట్టుకుంటుంటే రెండోది వదులుతుంటుంది. గదిలో గాలి 21 శాతం ఆక్సిజన్‌తో లోపలికెళ్లి 90 దాటి బయటికొస్తుంది. సిలిండర్ లాగా నింపించే పని లేదు, అయిపోవడం లేదు. మొదటి రాత్రి మా ఆవిడ ఆ బుస్సుకి నిద్ర పోలేదు, నేను మాత్రం డిపోలో ఉన్నట్టుందని హాయిగా పడుకున్నాను. చప్పుడు గురించి ఇంతకన్నా నిజాయితీగా చెప్పలేను. పాత ఫ్రిజ్ పక్కన పడుకున్నట్టు ఉంటుంది. పక్క గదిలో పెట్టి గొట్టం లాక్కోవడం మేలు.

షాపువాడు గంటసేపు లీటర్ల గురించే చెప్పాడు. 5 లీటర్లు, 10 లీటర్లు, టీవీ కొనేటప్పుడు అంగుళాలు చెప్పినట్టు. చెప్పాల్సినవి చెప్పలేదు, అవి నేను పడి తెలుసుకున్నాను.

మొదటిది కరెంటు. వెనకాల 350 వాట్లని రాసుంది. 15 గంటలకి రోజుకి 5 యూనిట్ల పైమాటే, నెలకి 150 దాటుతుంది. దాంతో బిల్లు పై శ్లాబులోకి ఎక్కి కూర్చుంది. కరెంటు పోతే మామూలు ఇన్వర్టర్ మీద కంప్రెసర్ గుర్రుమని మూలిగింది, ఆ శబ్దం వినగానే ఆపేశాను, మోటారు పోతుంది. మామూలు ఇంటి కరెంటులాంటిదే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ బ్యాటరీ పెట్టించాక మూడు గంటలు లాగుతోంది. అది కాక బీ టైపు ఆక్సిజన్ సిలిండర్ ఒకటి నింపించి మూలన ఉంచాను. 1,500 లీటర్లు, నిమిషానికి రెండు చొప్పున 12 గంటలు వస్తుంది. తుపాను రోజుల్లో అది చూసుకునే ధైర్యం.

రెండోది లీటర్లు ఎక్కువ తక్కువ చేసే నాబు. మా బావమరిది చూడ్డానికొచ్చి "కొన్నది 5 లీటర్లది కదా బావా, పిసినారితనం దేనికి" అని నేను కునుకు తీస్తుంటే 4కి తిప్పేశాడు. నా మేలు కోరే తిప్పాడు, కాదనను. సాయంత్రానికి తల పగిలిపోతోంది, మత్తుగా ఉంది, ఆక్సీమీటర్ మాత్రం 97. చూసి అందరూ సంతోషించారు! మా జబ్బులో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది, అందుకే డాక్టరు నాకు 88 నుంచి 92 మధ్య చాలన్నారు. ఇప్పుడు నాబు పక్కన మా అబ్బాయి పెయింటుతో "2" అని రాశాడు. ఎన్ని లీటర్లు వస్తోందో ముందున్న నిలువు గొట్టంలో తేలే బంతి చూపిస్తుంది, దాని నడిమి భాగం గీత మీద ఉండాలి, కళ్లకి ఎదురుగా పెట్టుకుని చూడాలి, పైనుంచి చూస్తే తప్పు కనిపిస్తుంది.

మూడో నెలలో ఒకరోజు బంతి 2 మీదే ఉంది, ఆయాసం మాత్రం తగ్గట్లేదు, వేలు పెడితే 84. షాపుకి ఫోన్ చేస్తే టెక్నీషియన్ వస్తాడన్నారు, వచ్చింది నాలుగో రోజున. ఈలోపు సిలిండర్ పెట్టుకుని నా పని నేను చూసుకున్నాను. ముక్కు గొట్టం కొసలు గ్లాసు నీళ్లలో ముంచితే బుడగ రాలేదు. అంటే దారిలో ఎక్కడో కారుతోంది. ఆక్సిజన్‌కి తేమ పట్టించే నీళ్ల సీసా ఒకటి ఉంటుంది, దాని మూత మర అడ్డంగా పడింది, అదీ సంగతి. తీసి సరిగ్గా బిగిస్తే గ్లాసులో బుడబుడమంది. 46 వేల మిషన్‌కి ఇచ్చిన సీసా చూడండి, సోడా మూతకి ఉన్న గట్టితనం లేదు. కొత్త సీసా 200 పెట్టి కొన్నాను. అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. వారానికోసారి వెనక స్పాంజి ఫిల్టర్ సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. గోడకి ఆనించొద్దు, మీద తుండు ఆరేయొద్దు (మా ఇంట్లో ఆరేశారు).

ముక్కు ఎండిపోయి మండుతుంటే కొబ్బరినూనె రాసుకోబోయాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెల్డింగ్ షెడ్‌లో ఆక్సిజన్ సిలిండర్ వాల్వుకి గ్రీజు చెయ్యి తగిలిందని కుర్రాళ్లని ఎన్నిసార్లు తిట్టానో. ఆక్సిజన్ దగ్గర జిడ్డుకి ఇట్టే మంట పట్టుకుంటుంది, అందుకే నూనె, వాజిలైన్ రెండూ వద్దు, నీళ్లతో చేసిన జెల్లు మందుల షాపులో దొరుకుతుంది. దీపం, అగరొత్తులు, దోమల చుట్ట అన్నీ మా ఆవిడ దూరంగా వెనక గదిలోకి మార్చేసింది, దేవుణ్ణి కూడా. చెవుల వెనక గొట్టం ఒరుసుకుని పుండు పడితే పాత పంచె చింపి చుట్టి కుట్టింది, కంపెనీవాళ్లకి తట్టని ఉపాయం.

మార్పు ఏమైనా ఉందా అంటారా, ఉంది. పొద్దున్నే వచ్చే తలనొప్పి పోయింది. స్నానం మునుపు నాకో యుద్ధం, ఇప్పుడు తలుపు కింద నుంచి గొట్టం లోపలికి తెచ్చుకుని ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని, వేడి టీ ఊదినట్టు పెదాలు ముడిచి మెల్లగా గాలి వదులుతూ చేస్తున్నాను. చెంబు ఎత్తేటప్పుడే గాలి వదలాలి, ఆ కిటుకు పట్టడానికి నెల పట్టింది. అన్నం మూడుసార్లు కాదు, కొంచెం కొంచెంగా ఐదుసార్లు, కడుపు నిండితే ఊపిరికి చోటుండదు. ఫోన్లో మాత్రం ఇప్పటికీ సగం వాక్యానికే ఆగిపోతాను, అవతలివాళ్లు సిగ్నల్ పోయిందనుకుంటారు. ఆయాసమంతా మిషనే తీరుస్తుందనుకుంటే పొరపాటు, పొద్దునా సాయంత్రం ఇన్‌హేలర్ ఎలాగూ తప్పదు.

అయినా నన్నడిగితే దీన్ని కొలవాల్సింది లీటర్లలో కాదు, మీటర్లలో. డబ్బాతో ఇచ్చిన గొట్టం 2 మీటర్లు. కుక్కని కట్టేసినట్టే. మంచం, కుర్చీ, మళ్లీ మంచం. డాక్టర్ని అడిగి 10 మీటర్ల గొట్టం కలిపాను, మళ్లీ గ్లాసులో బుడగలు చూసుకుని, ఆక్సీమీటర్ చూసుకునే. మనవరాలు దాన్ని "తాతయ్య తోక" అంటుంది, రోజుకోసారి తొక్కి "సారీ తాతయ్యా" అంటుంది.

ఇప్పుడు మా వీధి అరుగు దాకా అందుతోంది. సాయంత్రం డిపో స్నేహితులు ఇద్దరు వస్తారు, టీ తాగుతాం, ఎక్కువ వాళ్లే మాట్లాడతారు. వాళ్లలో ఒకడు ఇంకా బీడీ మానలేదు. జేబులో చెయ్యి పెట్టాడంటే నేను మాట కూడా అనను, గేటు వైపు వేలు చూపిస్తాను, లేచి అవతలికి వెళ్తాడు.