మూడు కత్తుల సమురాయ్ సెట్: గోడకి బాగుంది, చేతికి వద్దు

విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక గిఫ్టు షాపులో దొరికింది ఈ సెట్, పాతకాలపు జపాన్ యోధులైన సమురాయ్‌ల కత్తులకి నకలు. మూడు కత్తులు, ఒక నల్ల స్టాండు, అట్టపెట్టె. 3,200 చెప్పాడు, 2,600కి ఇచ్చాడు. ఇంటర్ చదివే మా అబ్బాయికి యానిమే (జపాన్ కార్టూన్లు) పిచ్చి, వాడి కోసమే కొన్నాను. కానీ నేను గుంటూరులో హైస్కూలు పిల్లలకి సోషల్ చెప్పేదాన్ని కదా, కత్తి కంటే ముందు పెట్టె మీద రాసింది చదివాను.

చూపుకి వంక పెట్టలేం. ఒరల మీద నల్లరంగు నున్నగా ఉంది, పిడికి చుట్టిన తాడు బిగువుగానే ఉంది. అసలు కత్తులకి ఆ తాడు కింద గరుకుగా ఉండే చేప తోలు వేస్తారు. ఇక్కడ బుడిపెల ప్లాస్టిక్. ఈ ధరకి అంతేలెండి.

అంచు పొడుగునా అలలా కనిపించే తెల్లగీత దగ్గర మాత్రం సరుకు దొరికిపోయింది. అసలు కత్తి మీద ఆ గీత ఎవరూ గీయరు. కమ్మరి వీపు వైపు మట్టి మందంగా, అంచుకి పల్చగా పూసి, కాల్చి నీళ్ళలో ముంచుతాడు. పల్చగా ఉన్న చోట చటుక్కున చల్లారి అంచు గట్టిపడుతుంది. వీపు కాస్త మెత్తగా ఉండి దెబ్బకి తట్టుకుంటుంది. ఆ రెంటి సరిహద్దే ఆ గీత. మా సెట్‌లో మూడింటికీ ఒకే డిజైను, అచ్చు గుద్దినట్టు.

పెద్ద లోపం పిడిలో ఉంది. అసలు దాంట్లో కత్తి ఇనుమే పిడి లోపలికి సాగి ఉంటుంది, వెదురు మేకు దాన్ని పట్టి ఉంచుతుంది. ఇందులో సన్నటి కడ్డీ, చివర ఒక నట్టు. మావాడు కాస్త ఊపగానే లొడలొడలాడింది. అంచు మొద్దే గానీ మొన గుచ్చుకుంటుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

ఇక పెట్టె మీద రాత. 'సమురాయ్ చక్రవర్తుల కత్తులు' అట! చక్రవర్తి క్యోటోలో ఉండేవాడు. పేరు ఆయనది, పెత్తనం యోధుల నాయకుడైన షోగున్‌ది. 1192లో మినమొతో యొరితొమో ఆ బిరుదు పుచ్చుకున్నాడు. 1867లో తొకుగవ వంశపు చివరి షోగున్ అధికారం వదులుకునేదాకా, మధ్యలో కొద్ది ఏళ్ళు తప్ప, దేశం యోధుల చేతుల్లోనే ఉంది.

మూడో కత్తి ఎందుకిచ్చారో మరి. తొకుగవ కాలంలో సమురాయ్ హోదాకి గుర్తు రెండే: పొడుగుది కటానా, పొట్టిది వాకిజాషి. రైతుల దగ్గరున్న ఆయుధాల్ని తొకుగవలకి ముందు దేశాన్నేలిన హిదెయోషి 1588లోనే లాగేసుకున్నాడు. ఆయనేమైనా పెద్దింటి బిడ్డా? మామూలు కుటుంబం నుంచి పైకొచ్చినవాడే. ఏరు దాటాక తెప్ప తగలేశాడు.

మా అబ్బాయి లెక్కలో సమురాయ్ అంటే రోజూ యుద్ధమే. 1638లో షిమబరా తిరుగుబాటు అణిచాక రెండు శతాబ్దాల పైన పెద్ద యుద్ధమే లేదురా, నడుముకి కత్తులు పెట్టుకుని చాలామంది చేసింది గుమాస్తా పనే అంటే వాడి మొహం మాడిపోయింది. జీతం బియ్యంలో. కొలత పేరు కొకు, ఒక మనిషి ఏడాది తిండి, సుమారు 150 కిలోలు. మన 75 కిలోల బస్తాలు రెండన్నమాట. కనీసం పదివేల కొకుల రాబడి నేల ఉంటే దైమ్యో, అంటే సామంత ప్రభువు. 1635 నుంచి ఆ దైమ్యోలు ఒక ఏడాది సొంత సీమలో, ఒక ఏడాది ఎదోలో (ఇప్పటి టోక్యో) ఉండాలని షోగున్ రూలు. భార్యాపిల్లలు మాత్రం ఎప్పుడూ ఎదోలోనే, మర్యాదగా తాకట్టు! రాకపోకలకీ రెండు కాపురాలకీ ఖజానా కరిగిపోతుంటే ఇక తిరగబడేదెవరు? కింది సమురాయ్‌లు వర్తకుల దగ్గర అప్పులపాలయ్యారు. 1876లో, షోగున్లు పోయాక చక్రవర్తి పేరున వచ్చిన మెయిజీ ప్రభుత్వం బియ్యం జీతాల్ని బాండ్లుగా మార్చేసి, నడుముకి కత్తి పెట్టుకు తిరగొద్దని ఆర్డరూ వేసింది. ఈ సంగతులు నాలుగు ముక్కలు పెట్టె మీద వేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

షోకేసులో పెట్టుకోడానికైతే కొనొచ్చు. స్టాండు మీద అంచు పైకి ఉండేలా పెట్టండి, షాపులో తలకిందులుగా పెట్టారు. నట్టు అక్కడే బిగించి ఇమ్మనండి. అట్టపెట్టె మాత్రం వదిలి రావొద్దు. విడిగా పట్టుకుని బస్సెక్కితే గుంటూరు వచ్చేదాకా పక్కసీటు వాళ్ళకి టెన్షన్.