గిటార్లు ఎక్కడికి పోయాయి? చాలా ఏళ్లుగా వింటున్న 'కిడ్ ఎ'

బ్రిటిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ ఆల్బమ్ 'కిడ్ ఎ' 2000 అక్టోబరులో వచ్చింది. నేను విన్నది చాలా ఆలస్యంగా, అదీ మొదటిసారి సగంలోనే ఆపేశాను. 1997లో 'ఓకే కంప్యూటర్' ఆల్బమ్ చేసిన వాళ్లే కదా, ఆ గిటార్ల హోరు ఏదీ అని చిరాకు పడ్డాను. పదేళ్లకు పైగా వింటున్నాక ఒప్పుకుంటున్నా: గిటార్లు ఉన్నాయి, నేనే పోల్చుకోలేకపోయాను.

ఇందులోని 'ట్రీఫింగర్స్' ట్రాక్ సంగతే చూడండి. మాటల్లేవు, డ్రమ్స్ లేవు, మెల్లగా కమ్ముకునే మోత తప్ప. సింథసైజరే (ఎలక్ట్రానిక్‌గా స్వరాలు పుట్టించే వాద్యం) అనుకున్నాను చాన్నాళ్లు. తీరా చూస్తే బ్యాండ్ గిటారిస్టు ఎడ్ ఓబ్రయన్ వాయించిన గిటార్ ముక్కల్ని గాయకుడు థామ్ యార్క్ కంప్యూటర్లో రూపుమార్చి చేసిందట. (తెలిశాక కూడా అప్పుడప్పుడూ దాటేస్తుంటాను, అది వేరే విషయం.)

నన్ను పూర్తిగా పడగొట్టింది మాత్రం 'ఇడియోటెక్' పాట. బ్యాండ్‌లో మరో గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ మాడ్యులర్ సింథసైజర్‌తో (విడి భాగాల్ని తీగలతో కలిపి వాడేది) కుస్తీపట్టి దాదాపు 50 నిమిషాల రికార్డింగ్ థామ్ చేతిలో పెట్టాడు. అందులో పనికొచ్చింది నిమిషం కూడా లేదు. ఆ చిన్న ముక్కలోని నాలుగు కార్డ్‌లు (ఒకేసారి కలిసి మోగే స్వరాలు) సంగీతకర్త పాల్ లాన్స్కీ 1973లో కంప్యూటర్‌తో చేసిన రచనలోవి. హెడ్‌ఫోన్స్‌లో వినండి: కింద బీట్ రేకు మీద కొట్టినట్టు పొడిగా, కటువుగా ఉంటుంది. పైన ఆ కార్డ్‌లు మెత్తగా తేలుతుంటాయి. రెండింటి మధ్య ఊపిరి అందని మనిషి గొంతు. ఆ ఆయాసమే లేకపోతే ఇది మామూలు డాన్స్ ట్రాక్ అయిపోయేది.

చాలా బ్యాండ్లు ముందు గిటార్‌తో పాట పూర్తిచేసి, పైన సింథ్ పూత పూస్తాయి. గీకేస్తే కింద పాత పాటే కనిపిస్తుంది. ఇక్కడ గీకడానికి పూతంటూ లేదు. ఆల్బమ్ మొదటి పాటలో ప్రాఫెట్-5 సింథసైజర్ కీబోర్డు, ముక్కలైన థామ్ గొంతు తీసేస్తే ఏం మిగులుతుంది? కచేరీల్లో ఆ గొంతును జానీ కాస్ ప్యాడ్‌తో (వేలితో తాకి శబ్దాన్ని మార్చే పరికరం) అప్పటికప్పుడు పట్టుకుని, వేళ్లతో తిప్పి వదులుతాడు. ఆయనే వాయించే ఓండ్ మార్టెనో 1928 నాటి ఎలక్ట్రానిక్ వాద్యం. వేలికి ఉంగరం తొడిగి తీగ వెంట జరిపితే స్వరం జారుతుంది, అచ్చం గమకంలా.

ఒక్క హెచ్చరిక. ఫోన్ స్పీకర్లో వినకండి. 'ది నేషనల్ ఆంథెమ్' పాట నడిచేదే బేస్ గిటార్ మీద, ఫోన్లో అది బొత్తిగా వినపడదు. నేను సగంలో ఆపేసిన ఆ మొదటిసారి విన్నది ఫోన్లోనే.