అవును-కాదు యాప్: చాలాకాలం వాడాక నా మాట

నల్లగొండలో దోస్తులు కలిస్తే అడిగేది ఒకటే: "దాంట్ల పైసలొస్తయా?" వచ్చేవి. నెలకింత అని లెక్కేసుకుని ఖర్చు పెట్టుకునే పైసలు మాత్రం కావు.

నేను వాడింది ఒపీనియన్ ట్రేడింగ్ యాప్. ఉద్యోగం బెంగళూరులో కాబట్టి కుదిరింది. తెలంగాణలో 2017 నుంచే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై నిషేధం ఉంది. పండక్కి ఇంటికొస్తే లొకేషన్ చూసి తెరుచుకునేదే కాదు.

పద్ధతి తేలిక. "రేపటి మ్యాచ్ ఫలానా టీమ్ గెలుస్తుందా?" అని ప్రశ్న. 'అవును' ధర ఆరున్నర ఉంటే 'కాదు' ధర మూడున్నర, రెండూ కలిపి పది. గెలిస్తే అవును కొన్నవాడికి పది రూపాయలు, రెండోవాడికి సున్నా. ఆరున్నర అంటే జనం లెక్కలో 65 శాతం అవకాశమన్నమాట. మనసు మారితే మధ్యలోనే అమ్ముకునే వీలుండేది. టీవీలో గంటసేపు చర్చ వినడం కన్నా ఆ ధర ఒక్కటి చూస్తే గాలి ఎటుందో తెలిసేది. యాప్‌లో నాకు నిజంగా నచ్చింది ఇదే.

చిక్కు ఎక్కడంటే, మనకు తెలిసిన విషయం మీద అక్కడ డబ్బు ఉండేది కాదు. 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలప్పుడు కాంగ్రెస్ 60 సీట్లు దాటుతుందా అన్న ప్రశ్నలో 'అవును' సగం కన్నా తక్కువకే దొరికింది. ఊళ్లో నలుగురికి ఫోన్ చేస్తే మా జిల్లా ఎటు పోతుందో తెలిసిపోతోంది. పెద్ద ఆర్డర్ పెట్టాను. అటువైపు అమ్మేవాళ్లు లేక కొంచెమే మ్యాచ్ అయింది, మిగతాది పెండింగ్‌లోనే ఉండిపోయింది. డిసెంబరు 3న కాంగ్రెస్‌కు 64 వచ్చాయి, ఉమ్మడి నల్లగొండలో 12కి 11. నాకొచ్చిన లాభం కుటుంబమంతా ఒక పూట బిర్యానీ తినడానికి సరిపోయింది.

అదే 'ఐదు నిమిషాల్లో బిట్‌కాయిన్ ఫలానా ధర దాటుతుందా' అనే ప్రశ్నలో ఎంత పెట్టినా క్షణంలో మ్యాచ్ అయ్యేది. అక్కడ తెలివికి పనేముంది, బొమ్మా బొరుసే. నోటిఫికేషన్లు మాత్రం వాటికే వచ్చేవి, రాత్రి పదకొండు దాటాక కూడా. గెలిచినప్పుడల్లా కమీషన్ కోత. సగం సార్లు గెలిచేవాడు కూడా మెల్లగా కిందికే పోతాడు.

ఇంకోటి, ప్రశ్న కింద చిన్న అక్షరాల్లో ఉండే నిబంధన. ఎండ 42 డిగ్రీలు దాటుతుందా అన్నదాంట్లో ఫలితం తీసుకునేది వాతావరణ శాఖ నుంచి కాదు, వాళ్లు చెప్పిన ఒక వెబ్‌సైట్ నుంచి. రెండింటికీ తేడా వచ్చిన రోజు కస్టమర్ కేర్‌తో వాదిస్తే, కాపీ పేస్ట్ జవాబే మళ్లీ మళ్లీ పంపారు. ఫిర్యాదుకు పై గడప కూడా లేదు. ఈ లావాదేవీలు తమ పరిధిలోకి రావని, ఇన్వెస్టర్లకుండే రక్షణ వీటికి ఉండదని 2025 ఏప్రిల్‌లో స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీయే చెప్పింది.

ట్యాక్స్ సంగతి ఎవరూ చెప్పరు. ఒక ఏడాది లాభం మిగిలింది, అందులో 30 శాతం టీడీఎస్ (చేతికి రాకముందే కోసే పన్ను) పోయింది. మరుసటి ఏడాది పోగొట్టుకున్నదాన్ని ఆ లాభంలోంచి తగ్గించుకుందామంటే చట్టం ఒప్పుకోదు.

2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను నిషేధిస్తూ చట్టం చేసింది, నా యాప్‌లో ప్రశ్నలు ఆగిపోయాయి. నా బ్యాలెన్స్ బ్యాంకుకు వచ్చేసింది. ఇప్పుడు టెలిగ్రామ్‌లో అలాంటివే అంటూ లింకులు తిరుగుతున్నాయి. ముందు యూపీఐలో డిపాజిట్ వేయమంటారు, అదీ ఎవరిదో వ్యక్తి ఖాతాకు. వాటిని నేను తెరవలేదు. పాత యాప్‌లో లాభం చూసినవాళ్లు మాత్రం ఫారం 26ఏఎస్ ఒకసారి చూసుకోండి, కోసిన టీడీఎస్ అందులో కనిపిస్తుంది, ఐటీ రిటర్న్‌లో చూపించాలి.