ఒకే సర్వర్, పది మంది, ఒక గిట్ రిపాజిటరీ: గ్రూప్ పర్మిషన్లా, ఒకే 'గిట్' యూజరా?

కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ దాచే గిట్ రిపాజిటరీని సర్వర్‌లో పంచుకోవడానికి రెండు దారులు: ఎవరి ఖాతాతో వాళ్లు ఒక గ్రూపుగా వాడటం, లేదా అందరూ 'గిట్' అనే ఒకే ఖాతాతో లాగిన్ కావడం. రెండింటికీ పైసా ఖర్చు లేదు. తేడా అంతా శ్రమలో, రిస్క్‌లో ఉంది.

మొదలుపెట్టడం:
గ్రూప్ పద్ధతి: అందరినీ ఒక గ్రూపులో చేర్చి, బేర్ రిపాజిటరీని (పని చేసే ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండేది) ఆ గ్రూపు కిందే, 'షేర్డ్=గ్రూప్' ఆప్షన్‌తో సృష్టిస్తే చాలు.
ఒకే యూజర్: ఒక్కొక్కరి ఎస్ఎస్‌హెచ్ పబ్లిక్ కీ (పాస్‌వర్డ్ బదులు మనిషిని గుర్తుపట్టే కీ ఫైలు) తీసుకుని ఆ ఖాతాలో చేర్చాలి. మొదటి రోజు కాస్త పని.

పర్మిషన్లు:
అసలు టెన్షన్ ఇక్కడే. గ్రూప్ పద్ధతిలో షేర్డ్ ఆప్షన్ మరిచిపోతే, ఒకరు పుష్ చేశాక (తమ మార్పులు సర్వర్‌కు పంపాక) వాళ్ల పేరుతో ఏర్పడిన ఫోల్డర్లలో ఇంకొకరు రాయలేరు. తర్వాత సరిచేయాలంటే పాత ఫైళ్లన్నిటికీ గ్రూపు మార్చి, గ్రూపుకు రాసే అనుమతి ఇవ్వాలి, ఫోల్డర్లకు సెట్‌జిడ్ బిట్ (లోపల కొత్తగా వచ్చేవి కూడా అదే గ్రూపుకు చెందేలా చేసే గుర్తు) పెట్టాలి, రిపాజిటరీ కాన్ఫిగ్‌లో షేర్డ్ సెట్టింగ్ కూడా రాయాలి. 2022లో వచ్చిన 2.35.2 వెర్షన్ నుంచి, వేరే యూజర్ సొంతమైన రిపాజిటరీని గిట్ అనుమానిస్తుంది. దాన్ని గిట్ సెట్టింగ్స్‌లో 'సేఫ్ డైరెక్టరీ'గా (నమ్మదగిన ఫోల్డర్‌గా) చేర్చాల్సి రావచ్చు.
ఒకే యూజర్‌తో ఫైళ్లన్నీ ఒకరివే. ఈ గొడవే ఉండదు.

రిస్క్:
గ్రూప్: సభ్యులెవరైనా పొరపాటున రిపాజిటరీ లోపలి ఫైళ్లనే చెరిపేయగలరు.
ఒకే యూజర్: ఆ ఖాతాకు గిట్-షెల్ (గిట్ పనులకే పరిమితమైన లాగిన్ షెల్) పెడితే పుష్, పుల్ (మార్పులు తెచ్చుకోవడం) లాంటి గిట్ పనులు తప్ప మామూలు కమాండ్లు నడవవు. కమిట్‌లో (నమోదు చేసిన ప్రతి మార్పులో) రాసినవారి పేరు మామూలుగానే ఉంటుంది.

ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులు, అందరికీ సర్వర్‌లో ఖాతాలు ముందే ఉంటే గ్రూపే హాయి. మనుషులు వస్తూ పోతూ ఉంటే ఒకే యూజర్‌కే నా ఓటు: ఎవరైనా వెళ్లిపోతే ఒక్క కీ తీసేస్తే సరిపోతుంది.